తీపెక్కిన తుంగ

ఆ వేసవిలో తుంగ తీపెక్కింది.

మొదట్లో నాకు సంతోషంగానే అనిపించింది, అబద్ధం చెప్పడం ఎందుకు. అప్పటికి పదహారేళ్ళుగా చాపలు నేస్తున్నాను. తుంగ కాడ ఒక కొసని పళ్ళ మధ్య బిగబట్టి, బొటనవేలి గోటితో నిలువునా చీల్చుకుంటూ పోవడం మా పనిలో మొదటి మెట్టు. రోజుకి మూడు వందల కాడలైనా నోట్లోంచి పోతాయి. మధ్యాహ్నానికి పెదవులు చిట్లి, నాలుక మొద్దుబారి, ఏం తిన్నా అట్టముక్క తిన్నట్టే ఉంటుంది. అలాంటిది ఆ పొద్దున కాడ కొరకగానే నోరంతా తియ్యగా అయింది. పంచదార తీపి కాదు. చల్లగా, నాలుక మీదనుంచి వెనక్కి జారిపోయే తీపి. ఎవరూ చూడటం లేదు కదా అని ఇంకో కాడ ఊరికే కొరికాను.

పక్కన కూర్చున్న మూలింటి వదిన నా మొహం చూసి పసిగట్టేసింది.

"నీకూ తియ్యగా ఉందా? నాకొక్కదానికే పిచ్చి పట్టిందేమో అనుకున్నాను," అంది.

అందరికీ అలాగే ఉంది. మా సందులో ఏడిళ్ళు. కాడలు నానబెట్టే తొట్టి మా పెరట్లో ఉంది కాబట్టి ఏడిళ్ళ ఆడవాళ్ళూ మా రేకుల పాక కిందే చేరి చీలుస్తారు, నేస్తారు, ఊళ్ళో వాళ్ళందరి గుట్టూ విప్పుతారు. ఆ రోజు పాకంతా నవ్వులే. ఇన్నాళ్ళూ గడ్డి కొరికి గడ్డి కొరికి పశువులమైపోయాం, ఇప్పటికి మనల్ని ఎవరో కనికరించారు అని వదిన అంటుంటే, మా ఎనిమిదేళ్ళ పిచ్చుక కూడా ఒక కాడ నోట్లో పెట్టుకుని చీకుతూ నవ్వింది. దాని పేరు అది కాదు. పుట్టినప్పుడు పిడికెడే ఉందని అందరికీ అలా అలవాటైంది.

నవ్వనిది మా అత్తయ్య ఒక్కతే.

అత్తయ్య మా సందుకి నాలుక. ఆ మాట మేం పెట్టిందే. మా మడుగుకి పదకొండు గట్లున్నాయి, ఒక్కో గట్టు తుంగది ఒక్కో రుచి. మొదటి గట్టు వగరు. మూడో గట్టు ఉప్పన. ఐదో గట్టుది తడిసిన ఇటుక రుచి. పదకొండోది చల్లటి ఇనుప గొళ్ళెం నాకినట్టు ఉంటుంది. ఏ గట్టు రుచి కాస్త పక్కకి పోయినా అత్తయ్య చెయ్యి ఎత్తేది, ఆ ఏడు ఆ గట్టు మీద కొడవలి పడేది కాదు. మరుసటి ఏడు చూస్తే అక్కడ తుంగ మళ్ళీ ఏపుగా ఉండేది. ఆవిడకి ఆ విద్య వాళ్ళ అత్తగారు నేర్పారు. నాకు నేర్పాలని కొత్తలో చాలా కష్టపడింది. రెండేళ్ళు చూసి, "నీ నాలుక మొద్దే అమ్మాయ్, ఏమీ అనుకోకు," అని వదిలేసింది. ఏమీ అనుకోలేదని చెప్పను. కానీ పిచ్చుకకి ఆరేళ్ళు రాకముందే ఐదు గట్ల రుచులు చెప్పేసరికి, పోనీలే, నా కడుపున పుట్టిందే కదా అని సర్దుకున్నాను. ఆ వేసవి సెలవుల్లో మిగతా ఆరు గట్లూ దానికి నేర్పాలని అత్తయ్య పట్టు మీద ఉంది. ఆవిడకి డెబ్భై దాటాయి. తన తర్వాత ఇదొక్కతే.

అత్తయ్య కాడని కొరికి, నెమ్మదిగా నమిలి, ఊసేసింది.

"ఈ రుచికి మన దగ్గర పేరు లేదు," అంది.

"పేరెందుకు అత్తయ్యా, తీపే కదా," అన్నాను.

"తీపైతే చీమలు రావాలిగా."

అందరం గోడ వైపు చూశాం. గోడ వారగా చీమల బారు వస్తోంది. నానిన కాడల కుప్ప దాకా వచ్చి అక్కడ రెండుగా చీలి, జానెడు దూరం వదిలి కుప్ప చుట్టూ తిరిగి, అవతల మళ్ళీ ఒకటై పోతోంది. వదిన నవ్వు ఆపింది.  కాసేపటికి ఎవరో ఇంకేదో మాట ఎత్తారు, మళ్ళీ పనిలో పడ్డాం. చీమల కోసం పని మానుకుంటే చాపలు ఎవరు నేస్తారు?

*

బూట్ల మేడమ్ అప్పటికి రెండు నెలలుగా మా సందుకి వస్తోంది. యూనివర్సిటీలో పనిచేస్తుంది. మడుగు చుట్టుపక్కల జనానికి నరాల జబ్బులు ఎక్కువగా ఉన్నాయని, కారణం ఏమిటో తేల్చాలని వచ్చింది. మొదటి రోజు మోకాళ్ళ దాకా తెల్లటి రబ్బరు బూట్లు వేసుకుని, "నేను మీ మీద పరిశోధన చేయడానికి రాలేదండీ, మీతో కలిసి చేయడానికి వచ్చాను," అంది.

"కలిసి చేద్దాంలే. ముందు ఆ బూట్లు విప్పమను," అంది అత్తయ్య నాతో, ఆవిడకి వినపడేట్టే.

మేడమ్ కిందా మీదా చూసి, నిజంగానే బూట్లు విప్పేసి, అత్తయ్య వెనకాల బురదలోకి దిగింది. మోకాలి దాకా కూరుకుపోతే మేమే రెక్క పట్టుకుని లాగాం. అప్పటి నుంచి ఆవిడ మాలో మనిషి అయిపోయింది. బూట్లు మాత్రం పేరుకి మిగిలాయి. పదకొండు రుచులూ అత్తయ్య చెబుతుంటే ఓపిగ్గా రాసుకుంది. తానూ కొరికి చూసి, "నాకు అన్నీ గడ్డిలాగే ఉన్నాయమ్మా," అని ఒప్పేసుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మొద్దు నాలుక నాకొక్కదానికే లేదన్నమాట.

తీపెక్కిన నెలకి, మాటల్లో ఆ సంగతి చెప్పగానే మేడమ్ మొహం మారింది. మమ్మల్నందరినీ పెదవి పైకెత్తి చూపించమంది. వదిన సిగ్గుపడుతూ ఎత్తింది. చిగుళ్ళ అంచున సన్నటి నీలం గీత ఉంది, పెన్నుతో గీసినట్టు. తర్వాత నేను, తర్వాత మిగతావాళ్ళు. అందరికీ ఉంది. నెలరోజులుగా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ నవ్వుకుంటున్నాం. ఆ గీత మాలో ఎవరికీ కనపడలేదు.

"ఒక్కో గట్టు నుంచీ ఒక్కో కట్ట తుంగ కావాలి. కోసి, గట్టు అంకె రాసి ఇవ్వండి. ల్యాబ్‌కి పంపిస్తాను," అంది మేడమ్. అక్షరం ముక్క వచ్చినదాన్ని నేనే కాబట్టి ఆ పని నాకు అప్పగించింది. సంచులు, అంకెల కాగితాలు, చేతి తొడుగులు ఇచ్చింది. నాకు అంతవరకూ ఎవరూ అలాంటి పని అప్పగించలేదు. రెండు రోజులు నా కాళ్ళు నేల మీద లేవు.

పదకొండు గట్లూ నేనే తిరిగి కోశాను. కట్టలు కట్టి, ఒక రాత్రి నానబెట్టి, తుడిచి, సంచుల్లో సర్ది ఇచ్చాను. నానబెట్టకుండా ఎలా ఇస్తాను? పచ్చి కాడ పెదవిని బ్లేడులా కోస్తుంది. మా వాళ్ళలో ఎవరి చేతికైనా పచ్చి తుంగ ఇస్తే మొహం మీద తలుపు వేసినట్టే. మేడమ్ లాంటి మనిషికి అలా ఇవ్వడానికి నాకు చేతులు వస్తాయా?

*

ల్యాబ్ నుంచి జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో మా పిచ్చుక మాట తగ్గించేసింది.

వాగుడుకాయ అది. నోటికి తాళం వేస్తే ముక్కుతో మాట్లాడే రకం. అలాంటిది పిలిస్తే రెండు క్షణాలు ఆగి తల తిప్పేది. ఎండకి అనుకున్నాను. గ్లాసు పట్టుకుంటే కుడి చెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయేది, తడిగుడ్డ తాడు మీదనుంచి వేలాడినట్టు. ఆటల్లో బెణికిందనుకుని నూనె రాశాను. తల్లిని కదా, భయపడటం కంటే ఏదో ఒకటి అనుకోవడం తేలిక.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకి ఇళ్ళకి పోయారు. పెరడు నిశ్శబ్దంగా ఉంది. కాకి కూడా లేదు. తొట్టి దగ్గర నుంచి సన్నగా పాట వినపడుతోంది. వెళ్ళి చూస్తే పిచ్చుక తొట్టి అంచుకి ఆనుకుని, కాడ చీకుతూ, నీళ్ళలోకి చూస్తూ పాడుకుంటోంది.

"ఒకటో గట్టు తీపి. రెండో గట్టు తీపి. మూడో గట్టు తీపి."

"మూడో గట్టు ఉప్పన కదే. నానమ్మ నేర్పింది మర్చిపోయావా?" అన్నాను.

అది కాసేపు ఆగి నా వైపు తిరిగింది. నవ్వింది. చిగుళ్ళ మీద నీలం గీత మా అందరికంటే లావుగా ఉంది.

"ఇప్పుడు అన్నీ తీపేనమ్మా," అంది.

కాడ లాగేసి దాన్ని ఎత్తుకున్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల, బరువే లేదు. నడవలో కూర్చోబెట్టి, తుంగ ముట్టుకుంటే చంపేస్తానని అరిచాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గోడకేసి చూస్తూ కూర్చుంది. ఆ సాయంత్రం మేడమ్ వచ్చి దాని వేలి నుంచి, మా అందరి వేళ్ళ నుంచి రక్తం తీసుకుంది.

*

రిపోర్టు రోజున మేడమ్ చెప్పులు కూడా విప్పకుండా పాకలోకి వచ్చి నిలబడింది. గొంతు తగ్గించి చదివింది. పదకొండు కట్టల్లోనూ సీసం ఉంది. మా అందరి రక్తంలోనూ ఉంది. పిచ్చుక రక్తంలో అన్నిటికంటే ఎక్కువ ఉంది, ఎల్లుండే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

"పిల్ల బాగవుతుందా మేడమ్?" అన్నాను. 

"తొందరగా మొదలుపెడితే చాలావరకు బాగవుతుంది. కానీ ముందు సీసం లోపలికి పోవడం ఆగాలి. మడుగు మొత్తం పాడైంది. పదిహేను రోజుల్లో కంచె వేస్తారు. కంచె వేయమని నేనే రాయాల్సి వచ్చింది, నన్ను క్షమించండి."

వదిన నేల మీద చతికిలబడింది. మడుగుకి కంచె పడితే మా ఏడిళ్ళూ ఏం చేస్తాయి? మా వేళ్ళకి ఇంకో పని రాదు. నాకు మాత్రం ఆ క్షణాన మడుగు ఏ గంగలో కలిసినా పర్వాలేదనిపించింది. వేసేయండి కంచె, నా పిల్లని వదిలేస్తే చాలు.

అత్తయ్య మూలనుంచి అడిగింది. "ఇంకోసారి చదువమ్మా. ఒక్కో గట్టుకీ ఎంతుందో విడిగా."

మేడమ్ చదివింది. అత్తయ్య వేళ్ళు ముడుస్తూ వింది.

"పదకొండింటికీ ఒకటేనా?"

"దాదాపు ఒకటే."

"నీళ్ళలో?"

"నీళ్ళలో పెద్దగా లేదమ్మా. మొక్క కొంచెం కొంచెంగా పీల్చి తనలో దాచుకుంటుంది. అందుకే తుంగలో ఎక్కువ వచ్చింది."

"మడుగుది కాదమ్మా ఇది," అంది అత్తయ్య.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "మీ నాలుకకీ ఆవిడ మిషన్‌కీ పోటీ ఏమిటి అత్తయ్యా? మీరు ముసలివాళ్ళయ్యారు, మీకు రుచి తెలియడం లేదు. పిల్ల చెయ్యి చూడండి ఒకసారి. ఇంకా మడుగుని వెనకేసుకొస్తారా?" అన్నాను, అందరిముందూ. పదహారేళ్ళలో ఆవిడకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

అత్తయ్య నా వైపు నుంచి పిచ్చుక వైపు తిరిగింది. పిచ్చుక చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, వాలిన మణికట్టుని మెల్లగా పైకి లేపి, వదిలేసింది. అది మళ్ళీ వాలింది.

"నా కళ్ళముందు ఈ మడుగు నలభై సార్లు పొంగింది, ఎండింది," అంది చివరికి. "పదకొండు గట్లూ ఒక్కరోజు కూడా ఒకే మాట మాట్లాడలేదు. ఇప్పుడు పదకొండూ ఒకే మాట అంటున్నాయంటే అది గట్లది కాదమ్మాయ్. పదకొండూ కలిసి వచ్చిన చోటిది."

నేను వినిపించుకోలేదు. విన్నాననీ, వినదలుచుకోలేదనీ ఇప్పుడు తెలుస్తోంది.

*

మర్నాడు పొద్దున్నే అత్తయ్య ఏడిళ్ళూ తిరిగి చాపలు అడిగి తెచ్చింది. పోయినేడు నేసినవి, ఈ ఏడు నేసినవి, పిల్లల కింద పరిచినవి, గోడకి ఆనించి మర్చిపోయినవి. మా చాపలకి ఒక మూల నేసినవాళ్ళ ముడి ఉంటుంది. ఆ ముడి కొస నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నమిలి, రేకు డబ్బాలో ఊసేది. ఒక చాప కుడివైపు, ఒక చాప ఎడమవైపు.

పొద్దున ఎండ పడ్డప్పటి నుంచి పొద్దు వాలేవరకూ అదే పని. సందులో వాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూసేవాళ్ళు. పెద్దావిడకి బుర్ర తిరిగిందని వదిన నా చెవిలో అంది. ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. సందంతా చాప నమిలే చప్పుడే, కరక్ కరక్ మని. నాకు ఇప్పటికీ ఎక్కడైనా ఆ చప్పుడు వినపడితే లేచి పక్క గదిలోకి పోతాను.

"వద్దు అత్తయ్యా, అందులో విషం ఉందంటున్నారు కదా," అని రెండో రోజు బతిమాలాను.

"ఊసేస్తున్నానుగా," అంది.

ఆ మధ్యలో పిచ్చుకని ఆసుపత్రిలో చేర్చాం. పగలు మా ఆడపడుచు దాని దగ్గర ఉండేది, సాయంత్రం నేను వెళ్ళేదాన్ని. నాలుగో రోజు మధ్యాహ్నం బయలుదేరుతుంటే అత్తయ్య పిలిచింది. ముందు రెండు చాపలున్నాయి. రెండింటి మూలా నా ముడే.

"ఇది ఎప్పుడు నేశావు?"

"రాతి తొట్టి పగిలిన వారంలో."

"మరి ఇది?"

"అదయిన వెంటనే మొదలుపెట్టాను. వారం తేడా ఉంటుందేమో."

"రెండూ మూడో గట్టు తుంగే. ఇది ఉప్పన. ఇది తీపి," అంది అత్తయ్య. గొంతు బొంగురు పోయింది, పెదవులు వాచాయి. "ఈ రెండింటి మధ్యా ఏం జరిగింది?"

నేను తల తిప్పి పెరట్లోకి చూశాను. రాతి తొట్టి ఉండే చోట నీలం రంగు ఇనుప తొట్టి ఉంది. ఎండాకాలం మొదట్లో రాతి తొట్టి నిలువునా పగిలితే, మూడు రోజులు మా ఆయన ప్రాణం తోడేసి నేనే తెప్పించాను దాన్ని. ఆయన గుడ్డలకి అద్దకం వేసే రంగుల షెడ్డులో లోడింగ్ పని చేస్తాడు. అక్కడ పారేసిన డ్రమ్ము ఒకటి తెచ్చి, నిలువునా కోయించి, కాళ్ళు పెట్టించి ఇచ్చాడు. సందులో అందరూ మెచ్చుకున్నారు. మా ఆయన అంటే మా ఆయనే అని నేను కూడా గొప్పలు పోయాను.

ఆయన పొద్దుటి షిఫ్టు నుంచి వచ్చేదాకా అత్తాకోడళ్ళం మెట్ల మీద అలాగే కూర్చున్నాం. వచ్చి గుమ్మంలో నిలబడగానే అత్తయ్య అడిగింది.

"ఆ డ్రమ్ములో ముందు ఏముండేదిరా?"

"రంగు గుడ్డకి పట్టడానికి కలిపే తెల్ల పొడి. ఎందుకమ్మా? మూడుసార్లు కడిగే తెచ్చాను."

"మరి డ్రమ్ము అడుగు?"

ఆయన నా వైపు చూశాడు. అడుగు తోమింది నేను. అడుగున తెల్లగా, మందంగా పెచ్చు కట్టి ఉంది. కొబ్బరి పీచుతో, ఇసుకతో తోమాను. పోలేదు. సున్నమే కదా, నీళ్ళలో నానితే అదే పోతుందిలే అని వదిలేశాను.

అది పోయింది నిజమే. ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది.

నేను ఆసుపత్రికి వెళ్ళే బస్సు ఎక్కకుండా, ఊళ్ళో మేడమ్ అద్దెకి ఉంటున్న గదికి పరిగెత్తాను. ఆవిడ కంచె కాగితాల మీద సంతకం పెడుతోంది.

"మేడమ్, ఆ తుంగ నేను నానబెట్టి ఇచ్చాను."

"ఏ తుంగ?"

"మీకిచ్చిన పదకొండు కట్టలూ. మా తొట్టిలో నానబెట్టాను."

ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. "నేను కోసి ఇవ్వమన్నాను కదా. నానబెట్టారని చెప్పలేదేం?"

"నానబెట్టకుండా ఎవరైనా ఇస్తారా మేడమ్?" అన్నాను. అని, అక్కడే గోడ పట్టుకుని ఏడ్చేశాను.

మేడమ్ కంచె కాగితాలు బోర్లా తిప్పి పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "అడగాల్సింది నేను. మీతో కలిసి చేస్తానన్నాను, మీరు తుంగ ఎలా ఇస్తారో ఒక్కసారి చూడలేదు."

*

సందులో ఆ మాట నేనే చెప్పాను. మా ఆయన తాను చెబుతానన్నాడు, అత్తయ్య తన తప్పేనని అందామంది. వద్దన్నాను. పాకలో నిలబడి, డ్రమ్ము తెమ్మన్నది నేను, అడుగున పెచ్చు పోకుండానే వదిలేసింది నేను, మీ అందరి నోళ్ళలోకి పోసింది నేను అని చెప్పాను. ఎవరైనా తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది. వదిన లేచి, తన కాడల కట్ట అక్కడే వదిలేసి, ఇంటికి వెళ్ళిపోయింది. వానలు పడేదాకా నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది. కానీ నేను ఏమైనా చేతికిస్తే, ఒక్క క్షణం దాని వంక చూసి తీసుకుంటుంది.

ఈసారి పదకొండు గట్ల పచ్చి తుంగ మేడమ్ తానే కోసింది, చేతులు తెగ్గోసుకుని మరీ. రిపోర్టులో సీసం లేదు. డ్రమ్ము అడుగున గీకిన తెల్ల పెచ్చులో మాత్రం ఉంది, నాలుకకి తియ్యగా తగిలే రకం సీసం. అత్తయ్య ఉప్పన అన్న గట్టులో ఉప్పు ఎక్కువ ఉంది, గొళ్ళెం రుచి అన్న గట్టులో ఇనుము ఎక్కువ ఉంది. మేడమ్ ఆ కాగితం అత్తయ్యకి చదివి వినిపిస్తే, "సంతోషం. మీ మిషన్ నాలుక మంచిదే," అంది అత్తయ్య. కంచె పడలేదు. రంగుల షెడ్డు డ్రమ్ములు ఇంకా ఎవరెవరి ఇళ్ళకి చేరాయో మా ఆయనా మేడమ్ మనుషులూ వీధి వీధి తిరిగి వెతికారు. ముప్ఫై రెండు దొరికాయి. కొన్నిటిలో తాగే నీళ్ళున్నాయి.

ఆ తీపికి అత్తయ్య పేరు పెట్టింది. మేడమ్ పుస్తకంలో పదకొండు రుచుల కింద పన్నెండోదిగా రాయించింది. చీమ ముట్టని తీపి. ముందు రాబోయే పిల్లలకి తెలియాలి కదా అంది.

పిచ్చుక ఐదు వారాలకి ఇంటికొచ్చింది. మణికట్టు నిలబడింది. మాట కూడా వచ్చింది, మునుపటంత కాకపోయినా. మొదటి వాన పడ్డ మర్నాడు అత్తయ్య దాన్ని గట్ల మీదికి తీసుకెళ్ళింది. వెనకాల నేనూ వెళ్ళాను. పాత రాతి తొట్టికి అతుకు వేయించి అందులో నానబెట్టిన కాడలు వెంట పట్టుకెళ్ళాం. అత్తయ్య ఒక్కో గట్టు మీదా ఆగి ఒక కాడ తాను కొరికి, ఒకటి దానికి ఇచ్చేది.

"ఇది?"

పిచ్చుక నమిలింది. ఒకసారి నానమ్మ కాళ్ళకి అంటిన బురద చూసింది. "ఉప్పన," అంది.

అత్తయ్య తలూపింది.

"ఇది?"

"తడి ఇటుక."

మళ్ళీ తలూపింది. పదకొండు గట్లూ అలాగే సాగింది. ఆసుపత్రి మంచం పక్కన అత్తయ్య నోటిమాటగా నేర్పిన ఆరు గట్లతో సహా ఒక్కటి తప్పలేదు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పోయిందనుకున్నది పోలేదు, పిల్ల పిల్లలాగే ఉంది, అత్తయ్య అత్తయ్యలాగే ఉంది అనుకున్నాను. అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్ళయిందో.

తిరిగి వస్తుంటే పిచ్చుక ముందు పరిగెత్తింది. అత్తయ్య నా భుజం పట్టుకుని ఆగింది.

"ఆ చాపలు నమిలిన దగ్గర్నుంచి నాకు అన్నీ తియ్యగానే ఉంటున్నాయే," అంది. "ఊరికే తలూపాను. దానికి మాత్రం చెప్పకు. అది సరిగ్గానే చెబుతోందిలే."

ఇంటికొచ్చాక నూతి దగ్గర పిచ్చుక కాళ్ళు కడుగుతుంటే, అది వంగి నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"అమ్మా, అన్నీ తియ్యగానే ఉన్నాయి. బురద రంగు చూసి చెప్పేశాను. నానమ్మకి చెప్పకేం."

"చెప్పనులే," అన్నాను. దాని కాళ్ళ మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాను. బురద ఎప్పుడో పోయింది.

మర్నాడు తెల్లవారగానే ఒక్కదాన్నే మొదటి గట్టు మీదికి వెళ్ళాను. మడుగు మీద గాలి లేదు, తుంగ కదలడం లేదు. ఇక ఆ పదకొండు రుచులూ మేడమ్ పుస్తకంలో మాటలుగా ఉన్నాయి. ఏ నోట్లోనూ లేవు. నానబెట్టే ఓపిక లేక, ఒక పచ్చి కాడ కోసి నోట్లో పెట్టుకున్నాను. నాలుకకి ఏమీ తెలియలేదు. కళ్ళు మూసుకుని గట్టిగా కొరికాను. పెదవి సర్రున తెగింది.

రక్తం ఉప్పగా తగిలింది. తియ్యగా లేదు, ఉప్పగానే ఉంది. అక్కడ నిలబడి ఆ ఉప్పు పోయేదాకా చప్పరించాను. తర్వాత మొదటి గట్టు కాడని మళ్ళీ నోట్లో పెట్టుకుని, వగరు కోసం నమలడం మొదలుపెట్టాను.